లెక్క ఆగితే ఆగిపోయే అమ్మాయి: కుమితేలో ఒక కేస్ స్టడీ

అనంతపురంలో ఒక మిద్దె మీద చాలా ఏళ్ళుగా కరాటే నేర్పుతున్నాను. మాది షోటోకాన్ శైలి. క్లాసు పొద్దున ఐదున్నరకు మొదలవుతుంది. ఎండాకాలంలో ఎనిమిది దాటితే మా మిద్దె మీద వట్టికాళ్ళతో నిలబడలేం.

ఇక్కడ రాస్తున్నది ఒక విద్యార్థిని గురించి. ఈ కేసులో తప్పు ఎక్కువ భాగం నాదే. అది నాకు తెలిసేసరికి దాదాపు ఏడు నెలలు గడిచిపోయాయి. అందుకే రాసి పెట్టాలనిపించింది. అమ్మాయీ, వాళ్ళమ్మా చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. పేరు, స్కూలు, ఊరు చెప్పను. గుర్తుపట్టేందుకు వీలున్న చిన్న చిన్న వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఎనిమిదేళ్ళప్పుడు చేరింది. ఈ కథ మొదలయ్యే నాటికి పదమూడేళ్ళు, బ్రౌన్ బెల్ట్. కటా అంటే ఒంటరిగా, వరస తప్పకుండా చేసే కదలికల క్రమం. ఐదు హెయాన్ కటాలు నిద్రలో లేపి అడిగినా చేస్తుంది. టెక్కి షోడాన్ అనే కటా గట్టిగా వచ్చు, బస్సాయ్ దాయ్ అప్పుడే పట్టుబడుతోంది. కటా పోటీల్లో మెడల్ లేకుండా ఇంటికి వచ్చింది తక్కువ. జెన్‌కుత్సు-దాచిలో (ముందు మోకాలు వంచి నిలబడే భంగిమ) నిలబడితే ముందు మోకాలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. చిన్నపిల్లలకు ఏదైనా చూపించాలంటే నేను చేసి చూపించడం మానేసి ఆమెనే ముందుకు పిలిచేవాణ్ణి. నా నడుం సంగతి వేరే.

ఇంకో విషయం కూడా చెప్పాలి. చదివేది బిట్లు, ర్యాంకులు, వారం వారం టెస్టులు ఉండే స్కూల్లో. అక్కడా ముందే ఉంటుంది. నేను తప్పు చెప్తే రెండో రోజుకు సరిచేసుకుని వచ్చేది. ఒక రోజు నేనేమీ అనకపోతే క్లాసయ్యాక మెట్ల దగ్గర నిలబడి, "ఈరోజు నాకేం చెప్పలేదు సార్" అనేది. ఇంత మంచి శిష్యురాలు ఎవరికి దొరుకుతుందని మురిసిపోయాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే, సమస్య అప్పుడే కనబడుతోంది కదా అనిపిస్తుంది.

సమస్య

కుమితే, అంటే ఎదురుగా మనిషితో పోరాడటం. ఏడాదిలో మూడు పోటీలకు వెళ్ళింది, మూడింట్లోనూ మొదటి బౌట్‌లోనే ఓడిపోయింది. కుమితే చూడనివాళ్ళ కోసం: చేతి దెబ్బకు ఒక పాయింట్ (యూకో), పొట్ట మీద కిక్కుకు రెండు (వాజా-అరి), తలకు కిక్కు వేస్తే మూడు (ఇప్పోన్). తేడా ఎనిమిదికి చేరితే టైమ్ మిగిలున్నా బౌట్ అయిపోయినట్టే. మూడు బౌట్లలో కలిపి ఈ అమ్మాయి వేసిన పాయింట్లు సున్నా.

చేతులు ఎక్కడుండాలో అక్కడే ఉంటాయి, నిలబడే తీరు చక్కగా ఉంటుంది, కానీ దెబ్బ వేయదు. ఒక బౌట్‌లో ఎదుటి అమ్మాయి అదే ముందు చేతి పంచ్‌ను నాలుగుసార్లు వేసింది. నాలుగుసార్లూ ఈమె తిన్నగా వెనక్కి జరిగింది, నాలుగుసార్లూ అది తగిలింది. ఐదోసారికి ఎదుటి అమ్మాయికే సిగ్గేసిందేమో, కిక్కు వేసింది.

వాళ్ళమ్మ అడిగింది: "కటాలో సింహం మాదిరి ఉంటాది సార్. ఎదురుగా మనిషి నిలబడితే ఎందుకిట్లయితాది?"

భయం అన్నాను. మా దగ్గర ఏ కోచ్‌ను అడిగినా ఆ మాటే వస్తుంది. తొందరగా చెప్పొచ్చు, తప్పు మన మీదకు రాదు.

చేసి చూసినవి, పనికిరానివి

మొదట అనుకున్నది: చేతిలో సరుకు లేదు కాబట్టి భయపడుతోంది, సరుకు ఇస్తే ధైర్యం వస్తుంది. కిజామి-జుకి (ముందు చేతి పంచ్), గ్యాకు-జుకి (వెనక చేతి పంచ్), మావాషి-గెరి (పక్క నుంచి తిప్పి వేసే కిక్కు), మూడూ కలిపి ఒక కాంబినేషన్ ఇచ్చాను. రోజుకు వంద, ప్యాడ్ మీద, ఆరు వారాలు. ప్యాడ్ మీద ఆ కాంబినేషన్ వింటుంటే చెవులకు హాయిగా ఉండేది, టప్ టప్ ఢాం అని. తర్వాత క్లాసులోనే బౌట్ పెట్టాను. నేను "ఇప్పుడు" అన్నాను. ఎదుటి అమ్మాయి పక్కకు జరిగింది. ఈమె కాంబినేషన్ మాత్రం ఆ అమ్మాయి ఇంతకుముందు నిలబడిన చోట, గాల్లో, ఒక్క పొల్లు పోకుండా పూర్తయింది. చివర్లో కియాయ్ (కొట్టేటప్పుడు పెట్టే కేక) కూడా పెట్టింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకుండా ఉండాల్సింది.

రెండోది చెప్పాలంటే ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. ఒత్తిడికి అలవాటు పడాలని ఆమె కంటే పెద్ద మగపిల్లలతో జోడీ కట్టాను. ఆలోచన ఏమిటంటే, గట్టి దెబ్బలు రెండు తింటే మామూలు దెబ్బలంటే భయం పోతుంది. నా మాస్టర్ నాకు చేసింది అదే, నాకు పనిచేసింది. ముఖం దగ్గర దెబ్బ ఆపాలన్నది మా క్లాసు రూలు. నాలుగో రోజు ఒక పిల్లాడు ఆపలేకపోయాడు, ముక్కు నుంచి రక్తం వచ్చింది. పెద్ద దెబ్బేం కాదు గానీ అమ్మాయి వారం రోజులు రాలేదు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "ఆడపిల్ల, మొగానికి దెబ్బ తగిలితే ఎట్ల సార్" అంది. ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చాను. దారిలో ఒకటి తట్టింది. నా మాస్టర్ పద్ధతి నాకు పనిచేసిందని నేను చెప్పుకుంటున్నాను. మా బ్యాచ్‌లో ముప్పై మందికి పైగా చేరితే మిగిలింది నలుగురం. ఆ పద్ధతి పనిచేయనివాళ్ళు ఎప్పుడో మానేశారు కదా, వాళ్ళనెవరు అడుగుతారు?

అక్కణ్ణుంచి ఇంకో చివరకు పోయాను. "నీ ఇష్టం పాపా, నీకు తోచింది చెయ్" అన్నాను. క్రియేటివ్‌గా ఆలోచించనివ్వాలని ఎక్కడో విన్నాను కదా.

"ఏం చేయల్ల సార్?"

"నీ ఇష్టం అంటున్నా కదా."

"అంటే?"

దాదాపు పది నిమిషాలు అలాగే నిలబడింది. కాళ్ళు మాత్రం కుమితే స్టాన్స్‌లో పైకీ కిందికీ ఆడుతూనే ఉన్నాయి. ఆ రోజు నా డైరీలో ఇలా ఉంది: "టెక్నిక్ బాగుంది. క్రియేటివిటీ లేదు." పదమూడేళ్ళ పిల్ల మీద ఒక్క వాక్యంలో తీర్పు రాసి పడుకున్నాను. ఏ గీతా లేని తెల్ల కాగితం ఇచ్చి బొమ్మ గీయమంటే పెద్దవాళ్ళకే పెన్ను కదలదు.

నాలుగోది బుంకాయ్, అంటే కటాలోని కదలికలకు అర్థం వెతకడం. హెయాన్ షోడాన్ మొదటి కదలిక తీసుకున్నాం. ఎడమకు తిరిగి గెదాన్-బరాయ్, అంటే చేతిని కిందికి ఊడ్చే బ్లాక్. కింద కిక్కును ఆపడానికి అని చెప్పింది, పుస్తకంలో ఉన్నది అదే. ఇంకేమై ఉండొచ్చు అంటే, "కరెక్ట్ ఆన్సర్ ఏది సార్?" అంది. చేయి పట్టుకుంటే విడిపించుకోవడం కావచ్చు, పట్టుకున్న చేతిని కిందికి లాగి మెడ పక్కన కొట్టడం కావచ్చు, ఇంకోటి కూడా కావచ్చు అని మూడు చెప్పాను. మర్నాడు వచ్చి మూడూ వరసగా ఒప్పజెప్పింది. నేను ఇచ్చిన ఆలోచన ఆమె దగ్గరికి చేరేసరికి నోట్స్ అయిపోయింది.

మలుపు

మూడో పోటీ వీడియో ఒక పిల్లాడి నాన్న ఫోన్‌లో తీసి పంపించాడు. ఇంట్లో అందరూ పడుకున్నారు కాబట్టి సౌండ్ తీసేసి చూశాను. సౌండ్ లేకపోవడం వల్లే కనబడింది. ప్రతి కదలికకు ముందు ఆమె కళ్ళు ఒక్క క్షణం కుడివైపు పోతున్నాయి. అటు ఏముంది? కోచ్ కుర్చీ. అందులో నేను. మళ్ళీ మొదటి నుంచి పెట్టి లెక్కపెట్టాను. పదకొండుసార్లు.

మర్నాడు సౌండ్‌తో చూశాను. "కొట్టు! వెనక్కి! కిక్కు! ఇప్పుడు!" ఆ గొంతు నాదే, గ్రౌండంతా వినబడుతోంది. నేను "కొట్టు" అన్నాక ఆమె కదులుతోంది, చాలా వేగంగా కదులుతోంది. కాకపోతే నేను చూసి, నోరు తెరిచి, ఆమె విని కదిలే లోపల ఎదుటి అమ్మాయి పంచ్ వచ్చేసి పోతోంది. ఈ పిల్ల భయపడటం లేదు, మందకొడిగానూ లేదు. ఐదేళ్ళు నేను నేర్పించిన పని అద్భుతంగా చేస్తోంది: నా గొంతు వినబడగానే కదలడం. నేర్పించింది తప్పు సంకేతానికి.

ఇది ఊహే కదా, సరిచూడాలనుకున్నాను. మర్నాడు గోహోన్ కుమితే పెట్టాను. మామూలుగా నేను "ఇచి, ని, సన్, షి, గో" అని లెక్కపెడుతుంటే ఒకరు ఐదు అడుగులు కొట్టుకుంటూ పోతారు, ఇంకొకరు ఆపుకుంటూ వెనక్కి పోతారు. ఆ రోజు లెక్కపెట్టనని చెప్పాను, కొట్టేవాళ్ళు ఎప్పుడు కొట్టాలనిపిస్తే అప్పుడు కొట్టొచ్చు. ఆమె ఆపే పక్క ఉన్నప్పుడు పర్వాలేదు. కొట్టే పక్కకు వచ్చేసరికి నలభై సెకన్ల దాకా నిలబడిపోయింది. ఎదురుగా ఉన్నది ఆమె స్నేహితురాలే, భయపడే పనే లేదు. భయం అన్న మాటను అప్పుడు కొట్టేశాను.

ఈ లెక్క మనకు ఎక్కడిదో కొంచెం చెప్పాలి. ఇప్పుడు మనం హెయాన్ అంటున్న ఐదు కటాలను పినాన్ అనే పేరుతో అమర్చింది ఒకినావా దీవిలో కరాటే గురువు ఇతోసు అంకో. 20వ శతాబ్దం మొదట్లో ఆయన కరాటేను బడిపిల్లల వ్యాయామంగా తెచ్చాడు, 1908లో దాన్ని బడుల్లో నేర్పాలని వాదిస్తూ ఒక లేఖ కూడా రాశాడు. గురువు దగ్గర కొద్దిమంది చాటుగా నేర్చుకునే విద్య అలా వరసల్లో నిలబడ్డ పిల్లల దగ్గరికి వచ్చింది. అంతమందిని ఒకేసారి కదిలించాలంటే లెక్క తప్పదు. నాకూ తప్పదు, పొద్దున ఐదున్నరకు ఇరవై ఎనిమిది మందిని లెక్క లేకుండా కదిలించగల మొనగాడు ఎవరైనా ఉంటే వచ్చి చూపించమనండి.

అయితే ఆ ఇతోసు దగ్గరే నేర్చుకుని, 1922లో జపాన్ ప్రధాన భూభాగానికి కరాటే పట్టుకుపోయిన ఫునాకోషి గిచిన్ ఇరవై సూత్రాలు రాశాడు. మొదటిది మా గోడ మీద ఉంది: కరాటే వందనంతో మొదలై వందనంతో ముగుస్తుంది. చివరిది, ఇరవయ్యోది, మా గోడ మీద లేదు. ఎప్పుడూ ఆలోచిస్తూ, ఉపాయం వెతుకుతూ ఉండమని దాని సారాంశం. అక్కడ ఆయన వాడిన 'కుఫూ' అనే మాటకు నాకు తోచిన దగ్గరి తెలుగు ఉపాయమే. గోడ మీద చోటు లేక రాయించలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. చోటు ఉంది.

సందు తగ్గించడం

నేను చెప్పింది చెప్పినట్టు చేయడం ఒక చివర. నీ ఇష్టం అనడం ఇంకో చివర. రెండూ పనిచేయలేదు. మధ్యలో ఏదో ఉండాలి. దారులు చాలా మూసేసి, ఏ దారిన పోవాలో మాత్రం చెప్పకుండా ఉంటే?

గురువారాలు ఎంచుకున్నాను. మిద్దె మీద ముగ్గుపిండితో ఒకటిన్నర మీటరు వెడల్పున రెండు గీతలు గీశాను. ఇద్దరూ ఆ సందులోనే ఉండాలి. వాడాల్సింది ముందు చేతి కిజామి-జుకి ఒక్కటే. కిక్కుల్లేవు, వెనక చేయి లేదు. ఇంకో షరతు: ఒకసారి ఏ రకంగా పాయింట్ తెచ్చుకున్నారో ఆ రోజు మళ్ళీ అదే రకంగా తెచ్చుకుంటే లెక్కలోకి రాదు. దెబ్బ అదే, అది తగిలే సందర్భాన్ని మాత్రం కొత్తగా తయారుచేసుకోవాలి.

ఎందుకు ఒక్క పంచే? ఆ పంచ్ ఆమెకు ఎంతగా వచ్చంటే పిడికిలి గురించి ఆలోచించే పనే లేదు. మనసు ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ మొత్తం ఎదుటి మనిషి మీద పెట్టొచ్చు. కొత్త టెక్నిక్ ఇచ్చి ఉంటే కళ్ళు మళ్ళీ తన చేతి మీదకే పోయేవి. కొత్త దారి ఎందుకు? పాతదే నడిస్తే కాంబినేషన్ మాదిరి దాన్నీ బట్టీ పడుతుంది.

నాకు కూడా ఒక నియమం పెట్టుకున్నాను. గురువారం నోరు తెరవకూడదు. ఇది అన్నిటికంటే కష్టం. ఎవరో తప్పు చేస్తుంటే నాలుక దురద పెడుతుంది. ఒక లవంగం బుగ్గన పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మాట వస్తోందనిపిస్తే కొరకడమే.

మొదటి రెండు గురువారాలు సంతలా ఉంది. పిల్లలు తోసుకున్నారు, నవ్వుకున్నారు, ముగ్గంతా చెరిపేశారు. ఒక తండ్రి వచ్చి, "మాస్టర్ మాట్లాడకుండా కూర్చుంటే ఫీజు దేనికి సార్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక నెల ఆగమన్నాను.

మా అమ్మాయి మొదటి గురువారం ఒక పాయింట్ వేసింది, తర్వాత దారి దొరక్క నిలబడింది. రెండో గురువారం రెండు. మూడో గురువారం ఆమె ముందు చేయి కొంచెం కిందికి దిగింది, భుజం ఒక పక్కకు ఒదిగింది. అరె, గార్డ్ పడిపోతోందే అని లవంగం కొరికాను. ఎదుటి అమ్మాయి ఆ ఖాళీ చూసి దూసుకొచ్చింది. వచ్చే దారిలోనే పంచ్ తగిలింది. పొరపాటున జరిగిందేమో అనుకున్నాను. ఐదు నిమిషాల తర్వాత ఇంకో పక్క ఖాళీ వదిలి మళ్ళీ అదే పని చేసింది.

క్లాసయ్యాక అడిగాను, అది ఎట్లా తట్టింది అని. ముందు చెప్పడానికి మొహమాటపడింది.

"మా అవ్వోళ్ళ ఊర్లో మేకల్ని దొడ్లోకి తోలేటప్పుడు సార్... ఎదురుగా పోతే బెదిరి పక్కకు దూకుతాది. ఒక పక్క సందు ఇడిస్తే అదే పోతాది."

ఎదుటివాణ్ణి పిలిచి కొట్టడాన్ని జపనీస్‌లో 'ససోయి' అంటారు. బ్రౌన్ బెల్ట్ వాళ్ళకు ఆ మాట, దాని అర్థం, ఉదాహరణలతో సహా ఏళ్ళ తరబడి చెప్తున్నాను. విన్నవాళ్ళలో చేసినవాళ్ళు లేరు. ఈ పిల్ల ఎండాకాలం సెలవుల్లో మేకల దగ్గర నేర్చుకుని వచ్చింది, అది కరాటేకు పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఐదేళ్ళు బయట చెప్పులతో పాటు వదిలేసి లోపలికి వచ్చింది.

నాకు ఆత్రం ఆగలేదు. మేకకు ఎంత దూరంలో నిలబడతావు అని అడిగాను. చెప్పులు తెచ్చి మిద్దె మీద పెట్టి చూపించింది. ఒక చెప్పు మేక. "ఇక్కడికి వస్తే తల ఎత్తి చూస్తాది సార్. ఇంకా మేస్తానే ఉంటాది, కానీ మనల్ని చూసింది. ఇంకో రెండడుగులు పోతే పరిగెత్తుతాది. తోలేటప్పుడు ఈ రెండింటి మధ్యలో ఉండల్ల." మంద అయితే ఒక దూరం, ఒంటి మేక అయితే ఇంకో దూరం అని కూడా చెప్పింది. పోతు అయితే దాని ఇష్టమట.

కరాటేలో 'మా-ఆయ్' అని ఇద్దరి మధ్య దూరం గురించి చెప్తాం. నేను ఎప్పుడూ ఒకే దూరం చెప్పేవాణ్ణి, ఒక్క అడుగు వేస్తే దెబ్బ తగిలే దూరం. ఈమె రెండు గీతలు చూపిస్తోంది: ఎదుటివాళ్ళు మనల్ని పట్టించుకోవడం మొదలయ్యే దూరం, కదలక తప్పని దూరం. గమ్మత్తంతా ఈ రెంటి మధ్యే ఉంది. మర్నాటి నుంచి మా క్లాసులో అది ఒక డ్రిల్ అయింది. పిల్లలు దానికి 'మేక దూరం' అని పేరు పెట్టారు. జపనీస్ మాట ఉండగా ఇదేం పేరని అడ్డుకోబోయి ఊరుకున్నాను.

నోట్‌బుక్కు, కుర్చీ

ఒక చిన్న నోట్‌బుక్కు ఇచ్చాను, బౌట్ అయ్యాక ఒక్క వాక్యం రాయాలి. మొదట్లో అన్నీ "ఈరోజు బాగా చేయలేదు" అని ఉండేవి. అది మార్కులు వేసుకోవడం. 'బాగా' అనే మాట రాయొద్దన్నాను. అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి, అంతే. నెలన్నర తర్వాత ఒక పేజీలో ఇలా ఉంది: "ఆమె ముందు భుజం కదుల్తాది, తర్వాత కాలు. నేను కాలు చూస్తున్నా." ఇది నేను చెప్పాల్సిన మాట. చెప్పి ఉంటే ఇంకో నోట్స్ అయ్యేది.

తర్వాతి పోటీకి కుర్చీలో కూర్చోవాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న. కూర్చుంటే ఆమె కళ్ళు అటే పోతాయి. కూర్చోకపోతే వదిలేశానని అనుకోవచ్చు. నాకు తేలలేదు, ఆమెనే అడిగాను. "కూర్చోండి సార్. కానీ మాట్లాడొద్దు" అంది. చేతులు తొడల కింద పెట్టుకుని, లవంగంతో కూర్చున్నాను.

మూడుకు నాలుగు తేడాతో ఓడిపోయింది. వీడియోలో కళ్ళు నా వైపు తిరిగింది రెండుసార్లు. ఆ తర్వాతి పోటీలో మొదటి బౌట్ గెలిచింది, రెండోది ఓడింది. దాని తర్వాత రెండు గెలిచింది. ఇంతకంటే పెద్ద ఫలితాలేం లేవు.

అందరికీ ఇదే మందు కాదు

ఉత్సాహం కొద్దీ మేకల పాఠం క్లాసంతటికీ చెప్పాను. టౌన్‌లోనే పుట్టి పెరిగిన ఒక పిల్లాడు మర్యాదగా తల ఊపాడు, వాడికి ఒంటికి ఏమీ పట్టలేదు. వాడికి క్రికెట్‌లో ఫీల్డర్ల మధ్య ఖాళీ పట్టుకోవడం తెలుసు, అక్కణ్ణుంచి వచ్చాడు. ఉదాహరణ నేను ఇస్తే అది నాదే అవుతుంది.

ఇంకో పిల్లాడి విషయంలో ఇది చెడిపోయింది కూడా. కొత్త దారి వెతకమంటే వాడు గిరగిరా తిరిగి కొట్టడం మొదలుపెట్టాడు. చూడటానికి సినిమా మాదిరి ఉంటుంది, కిందికి దిగేసరికి కాళ్ళు రెండూ ఒకే గీత మీద ఉంటాయి, చిటికెన వేలితో తోసినా పడతాడు. వాణ్ణి గురువారం నుంచి తీసి రెండు నెలలు ఉత్త కిహోన్ (ప్రాథమిక కదలికలు) చేయించాను, లెక్కతో, గట్టిగా. పునాది లేనివాడికి ఉపాయం అడిగితే విన్యాసం ఇస్తాడు. మా అమ్మాయికి ఇది పనిచేసిందంటే ఐదేళ్ళ కటా ఉంది కాబట్టే. లెక్కపెట్టి చేయించడం తప్పు అని ఈ కేసు చదివి ఎవరైనా అనుకుంటే నేను సరిగా రాయలేదన్నమాట.

ఒకే దెబ్బకు కొత్త దారి వెతికే ఈ సంగతిని నాకంటే ముందే పట్టుకున్నాయన ఒకడున్నాడని తర్వాత చదివాను. నికొలాయ్ బెర్న్‌స్టైన్, సోవియట్ శాస్త్రవేత్త. 1920ల్లో మాస్కోలో సుత్తి దెబ్బ వేసే పనివాళ్ళను ఫిల్ము తీసి పరిశీలించాడు. ఆరితేరిన పనివాడి సుత్తి వచ్చి అదే చోట పడుతుంది, కానీ భుజం, మోచేయి, మణికట్టు ప్రతిసారీ కొంచెం వేరేగా కదులుతాయి. సాధన అంటే ఒకే పరిష్కారాన్ని మళ్ళీ మళ్ళీ చేయడం కాదనీ, ఒకే సమస్యను మళ్ళీ మళ్ళీ పరిష్కరించడమనీ ఆయన వాదన. నేను రోజుకు వంద కాంబినేషన్లు ప్యాడ్ మీద చేయించినప్పుడు ఆమెకు వందసార్లు జవాబు ఇచ్చాను, ఒక్కసారి కూడా సమస్య ఇవ్వలేదు.

దీనికి కట్టిన ధర

కుమితే కుదుటపడుతుండగా కటాలో మార్కులు తగ్గాయి. బస్సాయ్ దాయ్‌లో ఒకచోట ఆగాల్సిన దగ్గర ఆగకుండా పోతోంది. అడిగితే, "అక్కడ ఆగితే ఎదుటోడు కొడతాడు కదా సార్" అంది. నాలుగు నెలల కిందటైతే ఆ ప్రశ్న అడిగే పిల్లే కాదు, లోపల సంతోషం వేసింది. కానీ కటా పోటీలో మెడల్ పోయింది. వాళ్ళమ్మకు కోపం వచ్చింది, "ఉండేది కూడా పోగొట్టినారు కదా సార్" అంది.

ఇక్కడ మాత్రం నేను ఆమెను వెతుక్కోనివ్వలేదు, సూటిగా చెప్పాను. ఫునాకోషి సూత్రాల్లోనే ఇంకోటి ఉంది: కటాను ఉన్నది ఉన్నట్టు చేయాలి, నిజమైన పోరాటం వేరే సంగతి. ఎందుకు ఆగుతున్నామో ఇంకా తెలియని చోట మార్చే హక్కు మనకు లేదని చెప్పాను. ఆమెకు నచ్చలేదు. ఆగడం మాత్రం ఆగుతోంది. రెంటినీ ఇలా విడదీయడం సరైనదేనా అని నాకూ అప్పుడప్పుడు అనిపిస్తుంది. బుంకాయ్ వెతకమని ఒక చేత్తో ఇచ్చి, మార్చొద్దని ఇంకో చేత్తో లాక్కుంటున్నానేమో.

ఇలాంటి పిల్ల ఇంకొకరు వస్తే మొదట చేసేది తెలుసు. భయం అని రాసే ముందు వీడియో సౌండ్ తీసేసి చూస్తాను, కళ్ళు ఎటు పోతున్నాయో. పెద్ద పిల్లలతో కొట్టించడం అన్నది ఇక జాబితాలో లేదు. ఎన్ని దారులు మూయాలి, ఎప్పుడు తెరవాలి అన్నది ఇప్పటికీ ప్రతి పిల్లకూ కొత్తగా వెతుక్కోవాల్సిందే. ఈమెకు మూడు నెలలు ఒక్క పంచ్, తర్వాత గీతలు చెరిపేసి వెనక చేయి, తర్వాత కిక్కు. ఇంకో పిల్లకు పంచ్‌తో మొదలుపెడితే ఏడ్చింది. నడుం దగ్గర బెల్టులో కర్చీఫ్ దోపి, ఒకరిది ఒకరు లాక్కోమంటే గానీ కదలలేదు.

ప్రస్తుతం ఆమె ఇంకో ఇబ్బందిలో ఉంది. చుట్టుపక్కల పోటీలకు వచ్చేవాళ్ళందరికీ ఆమె ఖాళీ వదిలే సంగతి తెలిసిపోయింది. పోయిన నెలలో కడప నుంచి వచ్చిన అమ్మాయి కూడా తన పక్క ఖాళీ వదిలి నిలబడింది. ఈమె రమ్మంటోంది, ఆమె రమ్మంటోంది. ఇరవై సెకన్లు ఇద్దరూ కదల్లేదు. రెఫరీ బౌట్ ఆపి, పోరాడటం లేదని ఇద్దర్నీ హెచ్చరించాడు. నేను కుర్చీలో లవంగం మింగేశాను.

ఆ సాయంత్రం నోట్‌బుక్కులో రాసింది: "ఇద్దరం తోలేవాళ్ళమే అయితే మేక ఎవరు?"

దాని కింద పేజీ మొత్తం ఖాళీగా వదిలింది.